శ్రీలంకలో ఇల్లు కొనాలనుకునే నెల్లూరు, ఒంగోలు వాళ్లకు

ముందు జవాబు చెప్పేస్తాను. భారత పౌరుడికి శ్రీలంకలో నేల అమ్మరు. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటు కొనుక్కోవచ్చు. స్థలమో, తోటతో ఉన్న ఇల్లో కావాలంటే 99 ఏళ్ల వరకు లీజుకు తీసుకోవచ్చు. ఈ రెండు దారుల్లో దేనికైనా అక్కడి చట్టం ఒక్కటే చూస్తే చాలదు, ఇక్కడి ఫెమా (విదేశీ మారకపు లావాదేవీల చట్టం), ఆదాయపు పన్ను చట్టం కూడా చూడాలి. చాలామంది అక్కడి చట్టాన్ని అడిగి తెలుసుకుంటారు, ఇక్కడి చట్టాలను డబ్బు పంపేశాక తెలుసుకుంటారు. చిక్కంతా ఇక్కడి చట్టాల్లోనే వస్తుంది.

చెన్నై నుంచి కొలంబోకు విమానంలో సుమారు గంటన్నర. నెల్లూరు నుంచి చెన్నై విమానాశ్రయానికి కారులో వెళ్లడానికే అంతకు రెట్టింపు సమయం పడుతుంది. అందుకే సెలవులకు వెళ్లొచ్చిన కుటుంబాల్లో శ్రీలంక తీరంలోని బెంటోటా పక్కనో గాలె పక్కనో చిన్న ఇల్లు ఉంటే బాగుండునన్న మాట తరచూ వస్తోంది. రొయ్యల సాగులో నాలుగు డబ్బులు చూసిన వాళ్లూ, పిల్లలు అమెరికాలో స్థిరపడిన వాళ్లూ ఈ ఆలోచన ఎక్కువగా చేస్తున్నారు. ఆలోచనలో తప్పేమీ లేదు. పద్ధతి తెలిసి చేయాలి.

మిగతా పొరుగు దేశాల సంగతి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. భూటాన్ రాజ్యాంగమే తమ పౌరులు విదేశీయులకు భూమి అమ్మకూడదని చెబుతోంది. నేపాల్‌లోనూ ప్రభుత్వ అనుమతి లేకుండా విదేశీయుడికి స్థిరాస్తి రాయరు. 1950 భారత నేపాల్ ఒప్పందం ఏడో అధికరణంలో ఆస్తి హక్కుల మాట ఉంది కదా అని కొందరు దళారులు చూపిస్తారు. ఆ వాక్యం పట్టుకుని వెళ్తే అక్కడి భూమి రిజిస్ట్రేషన్ కార్యాలయంలో పని జరగదు. మాల్దీవుల్లో దొరికేది లీజే. ఫ్లాటును సొంత పేరున రాయించుకోగల దగ్గరి దేశం శ్రీలంక కాబట్టి ఇక్కడి నుంచి దాని గురించే.

అక్కడి చట్టం

శ్రీలంక 2014లో 38వ నంబరు చట్టంగా భూ బదిలీ ఆంక్షల చట్టం తెచ్చింది. దాన్ని 2013 జనవరి 1 నుంచే వర్తింపజేశారు. విదేశీయుడికి గానీ, విదేశీ కంపెనీకి గానీ, విదేశీయుల వాటా 50 శాతం లేక అంతకు మించి ఉన్న స్థానిక కంపెనీకి గానీ భూమి హక్కు బదిలీ చెల్లదని అది చెబుతుంది. ఫ్లాటుకు మినహాయింపు ఉంది, షరతుతో. మొత్తం విలువ, దస్తావేజు రాయకముందే, విదేశం నుంచి బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బుతో చెల్లించి ఉండాలి. సగం ఇప్పుడు, సగం రిజిస్ట్రేషన్ తరవాత అనే మన అలవాటు అక్కడ పనికిరాదు.

2014లో చట్టం వచ్చినప్పుడు నాలుగో అంతస్తు, ఆపైన ఉన్న ఫ్లాట్లకే ఈ మినహాయింపు. 2018లో చట్టాన్ని సవరించారు. కింది అంతస్తులో ఫ్లాటు ఎవరైనా చూపిస్తే, అది ఏ క్లాజు కింద విదేశీయుడికి అమ్మదగినదో సవరణలన్నీ కలిపిన ప్రతి చూసి మీ నోటరీ (అక్కడ దస్తావేజు రాసే న్యాయవాది) చేత కాగితం మీద రాయించుకోండి. అమ్మేవాడి నోటిమాట మీద బయానా ఇవ్వొద్దు.

ఇక అందరూ పడే గుంట. సముద్రం ఒడ్డున ఇరవై పర్చ్‌ల (పర్చ్ అక్కడి నేల కొలత) స్థలం చూపించి, అక్కడి మనిషి పేరు మీద కొనేద్దాం, మీకు అగ్రిమెంటు రాసిస్తాను, పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తాను అంటారు. పత్రం మీద యజమాని అతనే. రేపు అతను అమ్మినా, అప్పుకు తాకట్టు పెట్టినా, చనిపోయి వారసులు వచ్చినా మీ చేతిలో ఉన్న కాగితం చట్టం నిషేధించిన పనిని చేయడానికి రాసుకున్న ఒప్పందం. దాన్ని పట్టుకుని ఏ కోర్టుకు వెళ్లినా బలం ఉండదు. పైగా అక్కడ ఆస్తి స్వాధీనంలో పదేళ్లు నిరాటంకంగా ఉన్నవాడు హక్కు అడగవచ్చు. మన దగ్గర అది పన్నెండేళ్లు. మీరు ఏడాదికి పది రోజులు వెళ్లే మనిషి, అతను రోజూ అక్కడుండే మనిషి.

దీనికే ఇంకో రూపం కంపెనీ. అక్కడి వాళ్లకు 51 శాతం, మీకు 49 శాతం పెట్టి కంపెనీ పేరున భూమి కొనడం. విదేశీ వాటా 50 శాతానికి తక్కువగా ఇరవై ఏళ్లపాటు ఉండాలని అక్కడి చట్టం చూస్తుంది, మధ్యలో పెరిగితే బదిలీయే చెల్లకుండా పోతుంది. మెజారిటీ ఎప్పుడూ ఎదుటివాడిదే. ఇక్కడి వైపు చూస్తే, 2022 ఆగస్టు 22న వచ్చిన విదేశీ పెట్టుబడి నియమాల ప్రకారం స్థిరాస్తి కొని అమ్మే వ్యాపారంలో ఉన్న విదేశీ సంస్థలో మనవాళ్లు నేరుగా పెట్టుబడి పెట్టకూడదు. ఒక సెలవు ఇంటి కోసం ఈ రెండు ప్రమాదాలూ నెత్తిన పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను.

కొలతల గురించి ఒక మాట. అక్కడ నేలను పర్చ్‌ల్లో కొలుస్తారు. ఒక పర్చ్ 272.25 చదరపు అడుగులు, 160 పర్చ్‌లు ఒక ఎకరం. 36 చదరపు అడుగుల అంకణంతో లెక్కిస్తే ఒక పర్చ్ సుమారు ఏడున్నర అంకణాలు. సెంటు లెక్కలో చెప్పాలంటే సెంటుకు 1.6 పర్చ్‌లు. లీజుకు స్థలం చూసేటప్పుడు పర్చ్ ధరను అంకణం ధరలా విని చవక అనో ఖరీదు అనో అనేసుకోకుండా, కాగితం మీద చదరపు అడుగుకు దించి చూసుకోండి. అక్కడి రూపాయి, మన రూపాయి వేరు, అది కూడా కలిసి తికమక పెడుతుంది.

డబ్బు ఇక్కడి నుంచి ఎలా వెళ్లాలి

దేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల అమెరికన్ డాలర్ల వరకు విదేశానికి పంపుకోవచ్చు. దీన్నే ఎల్‌ఆర్‌ఎస్ అంటారు. ఇది మనిషికి మాత్రమే. ఉమ్మడి హిందూ కుటుంబం పేరున, భాగస్వామ్య సంస్థ పేరున, ట్రస్టు పేరున పంపడానికి వీల్లేదు. రొయ్యల చెరువుల లెక్కంతా అన్నదమ్ముల ఫర్మ్ ఖాతాలో నడుస్తుంటే, ముందు ఆ డబ్బు పన్ను లెక్కలతో సహా మీ సొంత ఖాతాలోకి రావాలి.

భార్యాభర్తలు, పెద్ద పిల్లలు కలిసి పంపితే పరిమితి మనిషికి రెండున్నర లక్షల చొప్పున పెరుగుతుంది. అయితే ఆస్తి కొనుగోలుకు కలిపి పంపాలంటే పంపిన ప్రతి ఒక్కరి పేరూ దస్తావేజులో సహ యజమానిగా ఉండాలి. భార్య ఖాతా నుంచి సగం పంపించి ఫ్లాటు భర్త ఒక్కడి పేరున రాయించుకోవడం నియమానికి విరుద్ధం. ఇది చాలామంది దాటేసే విషయం.

బ్యాంకులో ఖాతాకు కనీసం ఏడాది వయసు ఉండాలని చూస్తారు. కొత్త ఖాతా అయితే గత ఏడాది స్టేట్‌మెంట్లు, రిటర్నులు అడుగుతారు. పాన్ తప్పనిసరి. ఫారం ఏ2 నింపాలి, అందులో పంపే కారణానికి ఒక కోడ్ ఉంటుంది. విదేశంలో స్థిరాస్తికి పెట్టుబడి అయితే ఎస్0005. కుటుంబ పోషణ అనో, బహుమతి అనో వేరే కోడ్ వేయించి పంపితే డబ్బు చేరుతుంది గానీ ఆ కాగితం తరవాత మీకే ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే ఆస్తి ఎలా వచ్చిందని అడిగినప్పుడు చూపాల్సింది అదే. మీ శాఖలో విదేశీ మారకం పని చేయకపోతే అదే బ్యాంకులో ఆ పని చేసే శాఖకు కాగితాలు వెళ్తాయి. వారం పది రోజులు చేతిలో పెట్టుకుని మొదలుపెట్టండి. మారకపు రేటు ఎంత వేస్తున్నారో ముందే అడగండి. పెద్ద మొత్తానికి రేటు తగ్గించమని అడిగితే తగ్గిస్తారు, అడగకపోతే తగ్గించరు.

ఇలా పంపే డబ్బుకు ఇక్కడి బ్యాంకు అప్పు ఇవ్వకూడదు. ఆస్తి కొనడానికి పంపే డబ్బుకు ఎలాంటి రుణ సదుపాయమూ కల్పించవద్దని రిజర్వు బ్యాంకు ఆదేశం. క్రెడిట్ కార్డు మీద బిల్డరుకు బుకింగ్ సొమ్ము కట్టడం కూడా చేయకండి. అంతర్జాతీయ కార్డు ఇచ్చింది ప్రయాణ ఖర్చులకు, కొనుగోళ్లకు. స్థిరాస్తి పెట్టుబడికి అది దారి కాదు. ఫ్లాటు చేతికొచ్చాక కూడా ఏళ్ల తరబడి వాయిదాలు కట్టే పథకాలు కొందరు బిల్డర్లు ఇస్తారు. అలాంటి వాయిదాను విదేశీ అప్పుగా చూసే ప్రమాదం ఇక్కడ ఉంది, శ్రీలంక చట్టం ఎటూ దస్తావేజుకు ముందే మొత్తం కట్టమంటోంది. ఆ పథకం జోలికి పోకపోవడమే మేలు.

ఇప్పుడు టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను. 2025 ఏప్రిల్ 1 నుంచి, ఏడాదిలో పంపిన మొత్తం పది లక్షల రూపాయలు దాటితే, దాటిన దాని మీద 20 శాతం బ్యాంకు ముందుగా వసూలు చేస్తుంది. చదువుకు, వైద్యానికి రేటు వేరు. ఆస్తికి మాత్రం ఇరవయ్యే. కోటి రూపాయలు ఒక్కరే ఒకే ఏడాదిలో పంపితే 90 లక్షల మీద 18 లక్షలు టీసీఎస్. అంటే ఖాతాలో కోటీ పద్దెనిమిది లక్షలు ఉండాలి, పైన బ్యాంకు చార్జీలు. ఇది అదనపు పన్ను కాదు, మీ పాన్ మీద జమవుతుంది, రిటర్నులో మీ పన్నుకు సర్దుకుని మిగిలింది వాపసు తీసుకోవచ్చు. అడ్వాన్సు పన్నులో ముందే తగ్గించుకోవచ్చు. ఉద్యోగస్తులైతే యజమానికి చెప్పి జీతంలో కోసే టీడీఎస్ తగ్గించుకోవచ్చు. కానీ ఆ డబ్బు నెలల తరబడి మీ చేతిలో ఉండదు.

అదే కోటిని భార్యాభర్తలు చెరి సగం పంపితే ఒక్కొక్కరికి 40 లక్షల మీద 8 లక్షలు, మొత్తం 16 లక్షలు. ఇద్దరూ మార్చిలో పాతిక, ఏప్రిల్‌లో పాతిక పంపితే నాలుగు సార్లూ పది లక్షల మినహాయింపు దొరుకుతుంది, టీసీఎస్ 12 లక్షలకు దిగుతుంది. ఇలా విడగొట్టడం నియమాలకు లోబడినదే. దస్తావేజు తేదీ రెండో విడత చేరాక ఉండేట్టు చూసుకుంటే చాలు. భార్యకు సొంత ఆదాయం లేకుండా భర్త ఇచ్చిన డబ్బుతో కొంటే ఆమె వాటాకు వచ్చే అద్దె భర్త ఆదాయంలోనే కలుపుతారు. ఆమె పేరున పట్టుకున్న టీసీఎస్ వాపసు రావాలంటే ఆమె కూడా రిటర్ను వేయాలి.

అమెరికాలో చదివే పిల్లలకు ఫీజులు పంపే తల్లిదండ్రులు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ ఫీజూ, ఈ ఫ్లాటు డబ్బూ రెండూ మీ ఒక్కరి రెండున్నర లక్షల డాలర్లలోనుంచే పోతాయి. పది లక్షల రూపాయల మినహాయింపు కూడా అన్నింటికీ కలిపి ఒకటే. ఆగస్టులో పది లక్షలు దాటిన ఫీజు కట్టేసి ఉంటే ఫ్లాటు డబ్బుకు మొదటి రూపాయి నుంచే 20 శాతం పడుతుంది.

పంపిన డబ్బు వాడకుండా అక్కడి ఖాతాలో ఉండిపోతే 180 రోజుల్లో వెనక్కి తెప్పించాలి. బేరం కుదరకముందే ఎప్పటికైనా పనికొస్తుందని పెద్ద మొత్తం పంపి పెట్టుకోవడం అందుకే మంచిది కాదు.

మన ప్రాంతంలో అసలు అడ్డంకి ఇంకొకటి ఉంది. మొహమాటం లేకుండా చెప్పాలి. ముత్తుకూరు రోడ్డులో స్థలం అమ్మి ఆ డబ్బుతో కొలంబోలో కొందామంటారు. స్థలం ఎనభై లక్షలకు అమ్ముడుపోయి, రిజిస్టరు విలువ ముప్పై లక్షలు చూపితే, బ్యాంకు దారిలో వెళ్లగలిగేది ఆ ముప్పైలో పన్ను పోను మిగిలిందే. మిగతా యాభై నగదు శ్రీలంక చేరే సక్రమమైన దారి లేదు. హవాలాలో పంపిస్తామనే వాళ్లు చెన్నైలోనూ దొరుకుతారు, నెల్లూరులోనూ దొరుకుతారు. ఫెమా కింద జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు ఉంటుంది. 2015లో చేర్చిన 37ఏ సెక్షను ప్రకారం విదేశంలో నిబంధనలకు విరుద్ధంగా ఉన్న ఆస్తికి సమానమైన విలువ గల ఆస్తిని ఇక్కడ స్వాధీనం చేసుకోవచ్చు. అంటే కొలంబో ఫ్లాటు కోసం మీ కోవూరు పొలం పోవచ్చు. అక్కడ కూడా లాభం లేదు, విదేశం నుంచి బ్యాంకులో వచ్చిన డబ్బు అని చూపలేకపోతే దస్తావేజే రాయరు.

ఇల్లు అమ్మి ఇల్లు కొంటే మూలధన లాభం పన్ను ఉండదన్న నమ్మకం కూడా ఇక్కడ చెల్లదు. 2014లో చేసిన మార్పు తరవాత ఆ మినహాయింపు భారతదేశంలో కొన్న ఇంటికే. నెల్లూరు ఇల్లు అమ్మి శ్రీలంకలో కొంటే లాభం మీద పన్ను పూర్తిగా కట్టాల్సిందే.

పిల్లలు విదేశంలో స్థిరపడిన ఇళ్లకు ఒక తేలికైన దారి ఉంది. కొడుకో కూతురో అక్కడి తమ సంపాదనతో కొని, తల్లిదండ్రుల పేరు సహ యజమానులుగా చేర్చవచ్చు. ఇండియా నుంచి రూపాయి కదలకపోతే చాలు, 2022 నియమాలు ఇందుకు ఒప్పుకుంటాయి. ఎల్‌ఆర్‌ఎస్ లేదు, టీసీఎస్ లేదు. తల్లిదండ్రులు తమ రిటర్నులో ఆ ఆస్తిని చూపాల్సిన బాధ్యత మాత్రం ఉంటుంది. అలాగే మీరు ఎన్నారైగా ఉన్నప్పుడే అక్కడ సంపాదనతో కొన్నది, తిరిగొచ్చాక కూడా మీ పేరునే ఉంచుకోవచ్చు.

అక్కడ కాగితాల పని

డబ్బు పంపకముందే అక్కడి వాణిజ్య బ్యాంకులో ఇన్‌వర్డ్ ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్ తెరవాలి. విదేశీయుల పెట్టుబడి ఈ ఖాతా గుండా వెళ్లాలి, అమ్మినప్పుడు వచ్చిన డబ్బు ఈ ఖాతా గుండానే దేశం దాటాలి. తొందరలో బిల్డరు మామూలు ఖాతాకు నేరుగా పంపేసినవాళ్లకు కొనేటప్పుడు ఏమీ తెలియదు. ఏడేళ్ల తరవాత ఫ్లాటు అమ్మి డబ్బు చెన్నైకి తెచ్చుకుందామంటే అక్కడి బ్యాంకు మొదట వచ్చిన డబ్బు ఆధారం అడుగుతుంది. ఏ2 నకలు, బ్యాంకు స్విఫ్ట్ సందేశం (బ్యాంకు నుంచి బ్యాంకుకు డబ్బు వెళ్లినట్టు చూపే కాగితం), అక్కడి ఖాతాలో జమైన స్టేట్‌మెంటు, ఈ మూడూ ఒకే ఫైలులో, దస్తావేజుతో పాటు దాచండి.

మన కోర్టు దగ్గర నోటరీ అఫిడవిట్ మీద ముద్ర వేసిస్తాడు, దస్తావేజు పని డాక్యుమెంటు రైటరుది, రిజిస్ట్రేషన్ సబ్‌రిజిస్ట్రారుది. శ్రీలంకలో నోటరీ న్యాయవాదే. హక్కు పత్రాలు వెతికి, దస్తావేజు తయారుచేసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకాలు చేయించి, భూమి రిజిస్ట్రీలో దాఖలు చేసేది అతనే. స్థిరాస్తి బదిలీ నోటరీ ధ్రువీకరణ లేకుండా చెల్లదు. 1840 నాటి మోసాల నివారణ ఆర్డినెన్స్ నుంచీ అదే పద్ధతి. కాబట్టి బిల్డరు నోటరీతోనే సరిపెట్టుకోకుండా మీ వైపు ఒకరిని పెట్టుకోండి. ఆ ఫీజు దగ్గర పొదుపు చేయొద్దు. ఈ కొనుగోలు మొత్తంలో మీ మేలు చూసే మనిషి ఆయన ఒక్కడే.

ఆయనతో చేయించాల్సిన పని ఇది. భూమి మీద ముప్పై ఏళ్ల హక్కుల వెతుకులాట, అంటే మన ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూసినట్టు, అక్కడ రిజిస్ట్రీలో వాల్యూమ్, ఫోలియో నంబర్లు పట్టుకుని వెతుకుతారు. కండోమినియం ప్లాను (భవనంలో ఫ్లాట్లను విడివిడిగా చూపే ప్లాను) రిజిస్టరైందా లేదా అన్నది అన్నిటికంటే ముఖ్యం. 1973 నాటి అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం కింద ఆ ప్లాను రిజిస్టరయ్యాకే మీ ఫ్లాటు విడిగా ఒక ఆస్తి అవుతుంది. అంతవరకు మీ చేతిలో ఉండేది కొనుగోలు ఒప్పందం మాత్రమే. కట్టడం అనుమతి ప్రకారమే జరిగిందని స్థానిక సంస్థ ఇచ్చే కన్ఫర్మిటీ సర్టిఫికెట్ చూడాలి. బిల్డరు ఆ స్థలాన్ని బ్యాంకులో తాకట్టు పెట్టి ఉంటే, మీ ఫ్లాటు వరకు విడుదల చేస్తున్నట్టు ఆ బ్యాంకు లేఖ కావాలి. రోడ్డు వెడల్పు రేఖ, స్థానిక పన్నుల బకాయిల కాగితాలు కూడా తెప్పిస్తారు.

కడుతున్న భవనంలో కొనడం కంటే ప్లాను రిజిస్టరైన, మనుషులు కాపురముంటున్న భవనంలో కొనడం నా దృష్టిలో ఎంతో నయం. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపు ఆపేసింది, ఆ ఏడాది వాళ్ల రూపాయి డాలరుకు 200 దగ్గర నుంచి 360 దాకా పడిపోయింది. అలాంటి దెబ్బ మళ్లీ తగిలితే ముందు ఆగేది సగం కట్టిన భవనమే. వేరే దేశంలో కూర్చుని ఆగిపోయిన భవనం మీద పోరాడటం మామూలు కుటుంబానికి అయ్యే పని కాదు.

స్టాంపు డ్యూటీ మొదటి లక్ష మీద 3 శాతం, ఆపైన 4 శాతం. ఐదు కోట్ల శ్రీలంక రూపాయల ఫ్లాటుకు 19,99,000 అవుతుంది. నోటరీ ఫీజు, రిజిస్ట్రీ ఖర్చు వేరు. బిల్డరు దగ్గర కొంటే చెప్పిన ధరలో వ్యాట్ కలిసిందా లేదా అని రాతలో తీసుకోండి. అక్కడ వ్యాట్ 2024 జనవరి 1 నుంచి 18 శాతం.

సంతకానికి స్వయంగా వెళ్లడం మంచిది. వీలుకాకపోతే పవర్ ఆఫ్ అటార్నీని చెన్నైలోని శ్రీలంక డిప్యూటీ హైకమిషన్‌లో ధ్రువీకరించి, అక్కడ రిజిస్టరు చేయించాలి. ఆ పత్రంలో ఫలానా ఫ్లాటు, ఫలానా దస్తావేజు మీద సంతకం వరకే అధికారం ఇవ్వండి. అమ్మే అధికారం, తాకట్టు పెట్టే అధికారం కలిపి రాయించే జీపీఏ నమూనాలు దొరుకుతుంటాయి, వాటిని ముట్టుకోవద్దు.

ఆస్తి ఉన్నంత మాత్రాన అక్కడ ఉండే హక్కు రాదు. వీసా వేరే సంగతి. 

ఎక్కడ, ఎప్పుడు

ఫ్లాట్లు ఎక్కువగా ఉన్నది కొలంబోలో, దాని చుట్టుపక్కల. తీరం వెంట తక్కువ. సముద్రం కావాలనుకునేవాళ్లు ముందు సెలవుల క్యాలెండరు చూసుకోవాలి. బెంటోటా, గాలె ఉన్న నైరుతి తీరంలో మే నుంచి సెప్టెంబరు దాకా రుతుపవనం, అలలు పెద్దవి, స్నానానికి పనికిరాదు. మన పిల్లల వేసవి సెలవులు చాలావరకు అందులోనే పడతాయి. అప్పుడు బాగుండేది తూర్పు తీరం, ట్రింకోమలీ వైపు. సంక్రాంతి సెలవులకు తిరగబడుతుంది, గాలె బాగుంటుంది, తూర్పు తీరంలో ఈశాన్య రుతుపవనం ఇంకా పూర్తిగా పోయి ఉండదు. ఏడాదిలో మీకు దొరికే సెలవు ఏదో తేల్చుకోకుండా తీరం ఎంచుకోవద్దు. స్థలం లీజుకు చూసేవాళ్లు తీరరేఖ నుంచి 300 మీటర్ల లోపలిదంతా అక్కడి తీర సంరక్షణ చట్టం పరిధి అని తెలుసుకోవాలి. ఆ పట్టీలో గోడ కట్టాలన్నా అనుమతి అడగాలి. జాఫ్నా వైపు తమిళుల ఆస్తుల్లో తేసవలమై అనే అక్కడి సంప్రదాయ చట్టం ప్రకారం సహ యజమానులకు, వారసులకు ముందుగా కొనే హక్కు ఉంటుంది, లీజు రాయించుకునే ముందు అది కూడా అడగాలి.

ఉప్పుగాలి ఏం చేస్తుందో మైపాడు, కొత్తపట్నం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏసీ బయటి యూనిట్, కిటికీ చట్రాలు, గేటు కీళ్లు ముందు పోతాయి. మూసి ఉంచిన ఫ్లాటులో ఇంకా త్వరగా పోతాయి. నెలనెలా నిర్వహణ రుసుము మీరు ఉన్నా లేకున్నా కట్టాలి. కొనేముందు గత రెండేళ్ల నిర్వహణ లెక్కలు, మరమ్మతుల నిధిలో ఎంత ఉందో అడగండి. లిఫ్టు మార్చాల్సిన భవనంలో నిధి ఖాళీగా ఉంటే ఆ భారం మీమీదే పడుతుంది.

కొన్నాక ప్రతి ఏడాదీ

రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు ఎఫ్ఏలో ఫ్లాటూ, అక్కడి బ్యాంకు ఖాతా రెండూ చూపాలి. ఆ షెడ్యూలు జనవరి నుంచి డిసెంబరు లెక్కతో ఉంటుంది, ఏప్రిల్ నుంచి మార్చి కాదు. ఐటీఆర్ 1, 4 ఫారాల్లో ఈ షెడ్యూలు లేదు, 2 గానీ 3 గానీ వేయాలి. అద్దె రాకపోయినా, ఆదాయం పన్ను పరిధిలో లేకపోయినా చూపాల్సిందే. చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా. 2024 అక్టోబరు నుంచి ఇరవై లక్షల లోపు విదేశీ ఆస్తులకు ఈ జరిమానా నుంచి సడలింపు ఇచ్చారు గానీ అది స్థిరాస్తికి వర్తించదు. ఇది తెలియని ఆడిటర్లు కూడా ఉన్నారు, మీరే గుర్తుచేయండి.

సొంతానికి వాడుకునే రెండు ఇళ్లకే ఇక్కడ అద్దె విలువ సున్నాగా తీసుకుంటారు. నెల్లూరులో ఇల్లు, హైదరాబాదులో ఫ్లాటు ఖాళీగా ఉంచుకుని, కొలంబోది మూడోది అయితే, మూడింటిలో ఒకదానికి అద్దె వచ్చినట్టే లెక్కగట్టి పన్ను వేస్తారు. అమ్మినప్పుడు, రెండేళ్లు దాటి ఉంటే లాభం మీద 12.5 శాతం ఇక్కడ పన్ను. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ తగ్గింపు అడగవచ్చు, రసీదులు ఉండాలి.

ఈ లెక్కలన్నీ వేశాక, ఏడాదికి రెండు మూడు వారాలే వెళ్లే కుటుంబానికి నేను చెప్పేది లీజు. ఐదేళ్లకు మించని లీజును 2022 నియమాలు విదేశీ స్థిరాస్తిగా పరిగణించవు. అద్దె పంపడానికి ఎల్‌ఆర్‌ఎస్ పరిమితి, టీసీఎస్ ఉంటాయి గానీ మొత్తం చిన్నది కాబట్టి పది లక్షల లోపే సరిపోతుంది. సెలవులు ఏ తీరంలో బాగుంటాయో కూడా ఆ ఐదేళ్లలో తేలుతుంది. 30 ఏళ్లకో 99 ఏళ్లకో తీసుకుంటే మాత్రం అది కొనుగోలుతో సమానం, పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి.

కొనాలనే నిర్ణయించుకుంటే వీలునామా కూడా అదే వారంలో రాయించండి. మన దగ్గర ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా చెల్లుతుంది. శ్రీలంకలో స్థిరాస్తికి నోటరీ, ఇద్దరు సాక్షులు కావాలి, నోటరీ లేకపోతే ఐదుగురు సాక్షులు కావాలి. నెల్లూరులో రాసి బీరువాలో పెట్టిన వీలునామా ఆ ఫ్లాటుకు సరిపోకపోవచ్చు. దస్తావేజు రాసిన నోటరీ చేతనే ఆ ఒక్క ఫ్లాటుకు వేరుగా వీలునామా రాయించి, ఇక్కడి వీలునామాలో అది శ్రీలంక ఆస్తికి వర్తించదని ఒక వాక్యం చేర్చండి. లేకపోతే తరవాత రాసిన వీలునామా ముందుదాన్ని రద్దు చేసిందా అన్న తగాదా పిల్లల మధ్య మొదలవుతుంది. ఒరిజినల్ ఎక్కడుందో, అక్కడి నోటరీ పేరేమిటో, బ్యాంకు ఖాతా నంబరెంతో పిల్లలకు ఇప్పుడే చెప్పండి. వారసత్వంగా వచ్చిన ఏడాది నుంచే వాళ్లు కూడా తమ రిటర్నులో ఆ ఫ్లాటు చూపడం మొదలుపెట్టాలి.